రసజ్ఞతయు వివేకమును

సికిందరాబాదు 1806లో ఆంగ్లేయుల దండు విడిసినచోట వెలసిన నగరము. సీమసారాయి రుచుల తారతమ్యమును విచారించుట ఇట్టిచోట వింతగాదు. మొలకెత్తించిన యవలనుండి ఒకే బట్టిలో దించి, ఓకుకఱ్ఱ పీపాలలో మూఁడేండ్లకుఁ దక్కువగాక నిలిపినదే స్కాట్లండు సింగిల్ మాల్టు విస్కీ. ఐలా ద్వీపపువానిలోఁ బెక్కింటికి పీటుమట్టి పొగవాసన. స్పేసైడువానిలోఁ బెక్కింటికి పండ్ల పరిమళము. ఈ భేద మెఱుఁగుట విద్యయే.

అయినను కూలివాఁడు త్రాగిన సారా వ్యసనమైనచో, ధనికుఁడు చవిచూచినది కళ యెట్లగును? 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారా నెదిరించిరి. ఆంధ్రప్రదేశమున 1993లో సారాకు నిషేధము కలిగెను. విస్కీకి 1995లోఁగాని కలుగలేదు, 1997లో నది సడలెను.

మెల్లగాఁ జవిచూచువాఁడు మితముగాఁ ద్రాగుననుట కొంత నిజము. కాని సంస్కృతమున ‘రసజ్ఞ’ యనఁగా నాలుక. నాలుకకు రసము తెలియును, చాలుననుట తెలియదు. అది తెలిసినది వివేకము. తన గ్లాసును, కూలివాని ముంతను ఒకే త్రాసునఁ దూఁచువాఁడే వివేకి.