జీవదయ – సాలీడు

సూరతును చూడవచ్చిన పాశ్చాత్య యాత్రికులు తాపీనది రేవును గూర్చి, వర్తకుల సిరిసంపదలను గూర్చి వ్రాసిన పిమ్మట, అక్కడి బనియా వర్తకులు నడిపే జంతువుల ఆసుపత్రిని గూర్చి కూడా తరచు వ్రాసేవారు. 1689లో ఆ నగరంలో ఉన్న జాన్ ఓవింగ్టన్ అనే ఆంగ్ల మతాచార్యుడు, ఆవులకూ గుర్రాలకూ ఆశ్రయమిచ్చే ఆ శాల చెంతనే నల్లులు మొదలైన పురుగులకు వేరొక శాల ఉన్నదని చెప్పినాడు. ఆ పురుగులకు ఆహారం రక్తమే గదా! అందుకై అప్పుడప్పుడు ఒక బీదవానిని కూలికి కుదిర్చి, రాత్రంతా ఆ పురుగుల మంచం మీద పరుండబెట్టేవారట. బాధకు తాళలేక తెల్లవారకముందే పారిపోతాడేమోనని మంచానికి కట్టివేసేవారట. తరువాతి శతాబ్దంలో సూరతును చూచిన జేమ్స్ ఫోర్బ్స్ కూడా, 1813లో వెలువడిన తన జ్ఞాపకాలలో, బిచ్చగాండ్రను ఇట్లే కూలికి పిలిచేవారని వ్రాసినాడు.

ఈ కథను చదివి నవ్వినవారే ఎక్కువ. ఆ నవ్వు తొందరపాటు. ఆవుకు మేత వేసేవాడు పాలను తలచవచ్చును, గుర్రానికి దాణా పెట్టేవాడు దాని పూర్వసేవను తలచవచ్చును. నల్లి ఎవరికీ ఏమీ చేయలేదు, చేయబోదు. దానికి కూడా బ్రతికే హక్కున్నదని తలచటం చిన్న సంగతి కాదు. చిక్కు అక్కడ లేదు. దాత ఇచ్చినది ధనం. రక్తం ఇచ్చినవాడు వేరొకడు. పుణ్యం ఒకరి ఖాతాలోను, నొప్పి మరొకరి ఒంటిమీదను పడినవి. జీవదయను గూర్చి ఎంత చెప్పినా, ఈ పద్దు పరిష్కారం కాకుండా ఆ మాట పూర్తికాదు.

అదే సూరతులో నేడు లింబాయత్ ప్రాంతాన, మరమగ్గాల నడుమ, తెలంగాణ నుండి వెళ్లిన నేతపనివారు వేలకొలదిగా నివసిస్తున్నారు. నేతగాని పేరునే పురుగుకు పెట్టిన భాష వారిది. సాలెవాడు నేసినట్లు నేసేది గనుక అది సాలెపురుగు, సాలీడు. ఇంటి మూలలో కనబడితే చీపురుతో తొలగించే ఆ ప్రాణినే, దాని జాతిలోకెల్ల పెద్దదైన టరాంటులాను, ఇప్పుడు లోకంలో అనేకులు గాజుపెట్టెలలో పెంచుతున్నారు, పిల్లలను పుట్టిస్తున్నారు. పాత సూరతు ప్రశ్న వీరి ముంగిట మళ్లీ నిలిచి ఉన్నది.

ఆ పని జరిగే తీరు ఇది. యుక్తవయసు వచ్చిన మగసాలీడును ఆడదాని పెట్టెలోనికి విడుస్తారు. అది కాళ్లతో నేలను దరువు వేసినట్లు తట్టుతుంది. ఆడది సమ్మతిస్తే సంగమం. లేనిచో మగది ఆహారమైపోవటమూ కద్దు. కొన్ని నెలలకు తల్లి పట్టుతో సంచి అల్లి, అందులో గుడ్లు పెట్టి, దానిని కాళ్లమధ్య పట్టుకొని కూర్చుంటుంది. మధ్యమధ్య త్రిప్పుతుంది. పలుమార్లు తిండి కూడ ముట్టదు. కొన్ని వారాలు గడిచిన తర్వాత పెంపకందారు పొడవాటి పట్టుకారుతో ఆ సంచిని లాగివేసి, వేరుగా వెచ్చని చోట ఉంచుతాడు. పిల్లలు బయటపడి, కుబుసం విడిచినకొద్దీ ఒక్కొక్కదానిని ఒక్కొక్క చిన్న డబ్బాలో వేస్తాడు.

ఎందుకని అడిగితే, బెదరిన తల్లి తన సంచిని తానే తినివేస్తుందని అతని సమాధానం. అది నిజమే. కాని బెదరించినది ఎవరు? పెట్టెను కదిపినదీ, మూత తెరచినదీ ఆ చేయియే. తాను కలిగించిన భయాన్నే తల్లిని వేరుచేయటానికి కారణంగా చూపటం న్యాయవాదికి చెల్లునేమో గాని, దయాళువుకు చెల్లదు. పైగా పోసిలోథీరియా అనే చెట్టుసాలీళ్ల వంటి జాతులలో తల్లీ పిల్లలూ ఒకే తొర్రలో కొంతకాలం కలిసి ఉండటం పరిశీలకులు చూచినదే. ఇది తెలిసిన కొందరు పిల్లలను తల్లి చెంతనే వదలుతున్నారు. పిల్లల లెక్క కొంత తగ్గినా తగ్గవచ్చును.

అయితే ఇక్కడ వేరొక ప్రమాదమున్నది. సాలీడు మాతృత్వాన్ని మానవ మాతృత్వంగా అలంకరించి, కన్నీరు కార్చటం తేలిక. చిత్తూరు జిల్లా కుప్పం పరిసరాలలో ముళ్లపొదల మీద గుంపులుగా గూళ్లు కట్టే స్టెగోడైఫస్ అనే సాలీళ్లున్నవి. వాటి తల్లి తిన్నదానిని ద్రవంగా కక్కి పిల్లలకు పెట్టుతుంది. చివరకు పిల్లలు ఆమెనే తినివేస్తవి. దీనిని త్యాగమనటమూ తగదు, క్రౌర్యమనటమూ తగదు. ఆ రెండు మాటలూ మానవుడివే. ఆమె సంచిని వదలదు, వదలుమంటే ఎదిరిస్తుంది, ఇంతమాత్రం కంటికి కనబడుతున్నది. కారణం లేకుండా దానిని లాగివేయరాదని చెప్పటానికి ఇంతకన్న ఎక్కువ తెలియనక్కరలేదు.

పెంపకందారుకు ఇంకొక సమర్థన మిగిలి ఉన్నది: అడవిలో నశించేదానిని పెట్టెలో నిలుపుతున్నాను గదా అని. ఇందుకు తెలుగు నేలమీదనే ఉదాహరణమున్నది. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలపదొడ్డిలో దొరికిన ఒక సాలీడును వర్ణించినాడు. నెమలికంఠం వంటి నీలవర్ణం దానిది. తర్వాత నూరేండ్లు అది ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో మళ్లీ దొరికినది. 2008లో అది మిక్కిలి అపాయకరస్థితిలో ఉన్న జాతిగా లెక్కకెక్కినది. ఈలోగా ఆ నీలవర్ణమే దానికి శత్రువైనది. ఐరోపా, అమెరికాలలో దాని సంతతి గాజుపెట్టెలలో విరివిగా పెరిగి అమ్ముడుపోతున్నది. 2019లో పోసిలోథీరియా జాతులన్నీ అంతర్జాతీయ వర్తక నియంత్రణలోనికి వచ్చినవి. 2022లో సవరించిన భారత వన్యప్రాణి చట్టం అట్టి ప్రాణులను తన పరిధిలోనికి తీసుకొన్నది.

పెట్టెలు ఎన్ని పెరిగినా నంద్యాల అడవిలో తొర్ర ఉన్న ముసలిచెట్టు ఒక్కటైనా పెరగదు. పిల్లల మేతకై పెట్టెలో విడిచే కీచురాళ్లను కూడ ఎవరో ఎక్కడో ఇందుకే పెంచి అమ్ముతున్నారు. సూరతు బీదవానికి తెల్లవారిన తర్వాత కట్టు విప్పి కూలి ఇచ్చేవారు. వీటికి అదీ లేదు. గుత్తి సాలీడు తల్లికి కావలసినది ఎండిన కొమ్మను వంటచెరకుకై నరకకుండా విడిచే మనిషి. అతడు దానిని ఎన్నడూ చూచి ఉండడు, చూడనక్కరలేదు కూడా.