కండలోని రాత, కండ చేత

ఒకే మనిషి ఒంట్లో కాలేయ కణానికీ, తొడకండ కణానికీ ఉన్న జన్యువులు ఒకటే. ప్రోటీన్లను తయారుచేసేవి దాదాపు 20,000. వాటిలో కొన్ని పలికి, మిగిలినవి మౌనంగా ఉంటేనే కండ కండ అవుతుంది. ఈ పలుకునే జన్యు వ్యక్తీకరణ అంటారు. పుట్టుకతో వచ్చిన జన్యువును తలరాత అనుకుంటే, ఆ రాతలో ఏ అక్షరం ఎప్పుడు పలకాలో తేల్చేదేమిటి? ఇక్కడ జీవశాస్త్రం దైవమా, పురుషకారమా అన్న పాత తగవులోకి దిగుతుంది.

రాత పక్షానికి బలమైన సాక్ష్యాలే ఉన్నాయి. 1987లో గుర్తించిన మయోడి అనే జన్యువును ఎలుక పిండం నుంచి తీసిన సంయోజక కణాల్లో పలికిస్తే, అవి కండకణాలుగా మారిపోయాయి. 1997లో బయటపడిన మయోస్టాటిన్ దీనికి ఎదురు, కండ పెరుగుదలకు అది పగ్గం. ఆ జన్యువును తీసేసిన ఎలుకల్లో కండలు రెండు మూడు రెట్లు పెరిగాయి. బెల్జియన్ బ్లూ పశువుల ఉబ్బిన కండలకు కారణం కూడా అది చెడిపోవడమే.

చేత పక్షానికీ సాక్ష్యం తక్కువ లేదు. కండ పనిచేసినప్పుడు పీజీసీ-1 ఆల్ఫా అనే జన్యువు ఎక్కువగా పలుకుతుంది. దాంతో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలు పెరుగుతాయి. రక్తంలోని గ్లూకోజును కండలోకి చేర్చే గ్లూట్-4 ప్రోటీన్ కూడా వ్యాయామంతో పెరుగుతుంది. పని మానేస్తే ఆ లాభం కొద్ది రోజుల్లోనే తరగడం మొదలవుతుంది. చేసిన కర్మకు ఫలం ఇంత త్వరగా కనిపించే చోటు మరొకటి అరుదు.

నువ్వుల్లో నూనె ముందే ఉన్నట్టు కార్యం కారణంలో ముందే ఉంటుందని సాంఖ్యులు అంటారు. కుండ పుట్టకముందు లేదని నైయాయికుల వాదం. కండ ఈ ఇద్దరికీ పూర్తిగా లొంగదు. గాయపడ్డ కండను బాగుచేసే మూలకణాలు మామూలు వేళల్లో నిద్రలో ఉంటాయి. హైదరాబాద్ సీసీఎంబీలో జ్యోత్స్నా ధావన్ బృందం ఏళ్లుగా పరిశీలించింది ఈ నిద్రనే. ఆ నిద్ర కూడా కొన్ని జన్యువులు పలుకుతూ కాపాడే స్థితే తప్ప ఉత్త ఖాళీ కాదు.

గరిడేపల్లి మండలంలో ఈ చర్చ పొలం గట్టు మీదికి వస్తుంది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరి కోత ఒకప్పుడు రెక్కల కష్టం, ఇప్పుడు హార్వెస్టర్ పని. కంచంలో అన్నం మాత్రం అలాగే ఉంది. అన్నం తిన్నాక రక్తంలో చేరే గ్లూకోజులో పెద్ద వాటాను తీసుకోవాల్సింది కండే. ఒక్క తరంలో జన్యువులు మారవు, వాటి పలుకు మారుతుంది. ఈ మండలంలోని గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రాన్ని నడిపేది శ్రీ అరవిందుల పేరిట ఏర్పడిన గ్రామీణాభివృద్ధి సంస్థ. దేహాన్ని విడిచిపెట్టడం కాదు, దాని పరిపూర్ణత కూడా సాధనలో భాగమేనని అరవిందులు 1949లో ఆశ్రమ శారీరక విద్యా పత్రికలో వాదించారు.

అయితే అంతా మన చేతిలోనే ఉందనడం మరో పొరపాటు. గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, చివరగా దైవం. అందులో జన్యుశాస్త్రాన్ని వెతకడం అతి. కానీ దైవాన్ని ఐదింటిలో ఒకటిగా నిలిపిన ఆ లెక్క, ఏదో ఒక్కదానికే పట్టం కట్టే వాదాలకంటే కండ విషయంలో న్యాయంగా ఉంది.

ఆ ఐదో వాటాలోకి తల్లి తిన్న తిండి కూడా వస్తుంది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి గ్రామాల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ ఒక పోషకాహార పథకం కింద మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. కొన్ని ఊళ్లకు ఆ పథకం అప్పటికి అందలేదు. పిల్లలు 13-18 ఏళ్ల వారయ్యాక జాతీయ పోషకాహార సంస్థ, బ్రిటన్ పరిశోధకులు కలిసి పరిశీలించారు. 2008లో వచ్చిన ఫలితాల్లో ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు, వారిలో ఇన్సులిన్ నిరోధం, అంటే ఇన్సులిన్‌కు కణాలు సరిగా స్పందించకపోవడం, 20 శాతం తక్కువగా ఉంది. ఆ అధ్యయనం జన్యువుల పలుకును కొలవలేదు, జీవక్రియను కొలిచింది. ఏ ఊరికి పథకం ముందు అందాలో ఆ పిల్లలెవరూ ఎంచుకోలేదు.