ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకోండి



లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన గోపురం ఉపమానం మనందరికీ తెలుసు. ఖర్చు లెక్క చూసుకోకుండా పునాది వేసి, పని సగంలో ఆపినవాణ్ణి చూసి ఊరు నవ్వుతుంది. ఆ మనిషికి భార్య ఉందో లేదో ఉపమానం చెప్పదు. ఉండి ఉంటే ఆమెతో కలిసి లెక్క చూసుకున్నాడా? ఈ ప్రశ్న నాకు అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలో, ఒక ఇంటి వంటగదిలో కలిగింది.

పీఠాధిపతులవారి అనుమతితో నేను కొన్నేళ్ళు అక్కడ విచిటా నగర ప్రాంతంలో ఒక విచారణలో సేవ చేశాను. అది విమానాలు తయారుచేసే ఊరు. సెస్నా కంపెనీ 1927లో పుట్టింది అక్కడే. మన విచారణలో సగంమంది రైతులైనట్లు, ఆ విచారణలో చాలామంది విమాన కర్మాగారాల కార్మికులు. వారిలో ఒకాయన 26 ఏళ్ళుగా ఇతరులు ఎక్కే విమానాలకు రివెట్లు కొడుతున్నాడు. తాను మాత్రం ఒక్కసారీ నడపలేదు. ముగ్గురు స్నేహితులతో కలిసి నాలుగు సీట్ల పాత సెస్నా విమానంలో నాలుగో వాటా కొనాలని ఆయన కోరిక. వాటా 12,000 డాలర్లు. భార్య ఒప్పుకోవడం లేదు. "ఫాదర్, మీరొక్క మాట చెబితే వింటుంది" అని నన్ను వెంటబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

నేను తొందరపడ్డాను. "అమ్మా, ఇన్నేళ్ళు కష్టపడ్డాడు, ఈ ఒక్క ముచ్చట తీరనివ్వండి" అన్నాను. సెమినరీలో చదివిన అక్వీనాసు పునీత తోమాసుగారి బోధ కూడా వినిపించాను. పునీత యోహానుగారు శిష్యులతో ఆడుకుంటూ ఉంటే కొందరు తప్పుబట్టారట. ఆయన ఒక విలుకానిని పిలిచి, నీ విల్లును ఆపకుండా వంచుతూనే ఉండగలవా అని అడిగాడట. అలా చేస్తే విల్లు విరిగిపోతుందని అతడన్నాడు. మనసుకూ అంతే, విశ్రాంతి లేకపోతే విరుగుతుంది. తోమాసుగారు చెప్పిన కథ ఇది.

ఆమె మర్యాదగా విని మూడు ప్రశ్నలు వేసింది. "వాటా సరే, నెలనెలా ఎంత? ఇంజను పాడైతే ఎవరు పెట్టుకుంటారు? ఈయనకేమైనా అయితే మా అమ్మాయి చదువు సంగతేమిటి?" నా దగ్గర జవాబు లేదు. విమానం కొన్న రోజుతో ఖర్చు తీరదు. అది ఉంచే షెడ్డుకు అద్దె, బీమా, పన్నెండు నెలలకోసారి తప్పనిసరి తనిఖీ, గంటకు సుమారు 30 లీటర్ల పెట్రోలు, ఎప్పుడో ఒకప్పుడు మీదపడే ఇంజను మరమ్మతు అన్నీ ఉంటాయి. నడిపే లైసెన్సుకు కనీసం 40 గంటల శిక్షణ కావాలి. చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

కారు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు ఆయన నెమ్మదిగా అసలు మాట చెప్పాడు. స్నేహితులకు అప్పటికే 1,000 డాలర్లు బయానా ఇచ్చేశాడు. భార్యకు తెలియదు. ఒక దాపరికానికి నేను వకాల్తా పుచ్చుకున్నానని అప్పుడు తెలిసి నాకు తలకొట్టేసినట్లయింది. "ముందు లోపలికెళ్ళి ఆ మాట ఆమెకు చెప్పు" అన్నాను. చెప్పాడు. ఆమె ఏడ్చింది డబ్బు పోయినందుకు కాదు. ఆ ఇంట్లో రెండు వారాలు మాటల్లేవు.

తరువాత ఒక రోజు ఆయన నన్ను విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. ఎగిరే ముందు రెక్క అడుగునుంచి కొంచెం పెట్రోలు గాజులాంటి కప్పులోకి తీసి వెలుతురులో చూస్తారు. నీళ్ళు పెట్రోలుకన్నా బరువు కనుక అడుగున చేరతాయి. నేల మీద చూసుకోకపోతే గాలిలో ఇంజను ఆగవచ్చు. "నీ ఇంట్లో కూడా ఇదే చేయాలయ్యా. అడుగున ఉన్నది ముందు బయటకు తీసి చూపించు" అన్నాను. ఆయన బయానా వెనక్కి తీసుకున్నాడు. ఆ తరువాతే ఇద్దరూ కాగితం, కలం పెట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు ఆమె మరో మాట బయటపెట్టింది. దూర రాష్ట్రంలో ఉన్న అక్కను చూసి తొమ్మిదేళ్ళయింది. "నా కోరిక ఏమిటని ఈ ఇంట్లో నన్నెవరూ అడగలేదు" అంది. ఆయన తలవంచుకున్నాడు.

చివరికి వాటా కొనలేదు. ఫ్లయింగ్ క్లబ్బులో చేరి ముందు లైసెన్సు తెచ్చుకోవాలని, నెలకు ఇంతకు మించి ఖర్చు చేయకూడదని, అమ్మాయి చదువు డబ్బు ముట్టకూడదని, ఆయన ఎగరడానికి పెట్టినంతా ఆమె ప్రయాణానికీ ఒక కవరులో వేయాలని అనుకున్నారు. లైసెన్సుకు దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆమె ముందుగా అక్కను చూసి వచ్చింది. నేనున్నన్నాళ్ళూ ఆమె విమానం ఎక్కలేదు. కంచె పక్క బల్ల మీద జపమాల పట్టుకుని, ఆయన దిగేదాకా కూర్చునేది. భయం పోలేదు, అయినా మనసారా ఒప్పుకుంది. విసిగించి సాధించిన "సరే"కూ, ఇలా వచ్చిన "సరే"కూ ఎంత దూరమో నేను అక్కడ చూశాను.

విమానాల గోల మనకెందుకు అంటారేమో. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బండలాగుడు పోటీలకు ఎడ్లను మేపేవారి ఇళ్ళలో అడగండి. ఉలవలకూ దాణాకూ పోయే ఖర్చు భర్తకు సరదా, తాకట్టులో ఉన్న గాజులు భార్యకు దిగులు. కొత్త మోటారు సైకిలైనా, ఖరీదైన సెల్‌ఫోనైనా కథ ఇదే. భార్య ముచ్చటపడిన చీట్లు, నగలు కూడా భర్తకు చెప్పకుండా సాగితే అదే తప్పు.

సరదా పాపం కాదు. దాచడమే ఇంటికి చేటు. ఇద్దరూ ఒక్కటైనంత మాత్రానా చాలదు. అపోస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో అననియ, సఫీరా ఒక్క మాట మీదే ఉన్నారు, కాని అది అబద్ధపు మాట. అందుచేత జీవిత భాగస్వామిని ఒప్పించదలచినవారు మొదట పూర్తి లెక్క చెప్పండి. కాదనే హక్కు ఎదుటివారికి నిజంగా ఇవ్వండి. నీ కోరిక ఏమిటని అడగండి. బీదల భాగం మరువకండి. గురువును మధ్యవర్తిగా తెచ్చుకోవడం ఆ తరువాత సంగతి.

పోపు పదిహేనవ బెనెడిక్టుగారు 1920లో లొరెటో మాతను విమానయానం చేసేవారికి పాలక పునీతగా ప్రకటించారు. పోపు ఫ్రాన్సిస్‌గారు 2019లో ఆ పండుగను డిసెంబరు 10న శ్రీసభ పంచాంగంలో చేర్చారు. లొరెటోలో భక్తులు గౌరవించేది నజరేతులోని పవిత్ర గృహాన్ని. ఎగిరేవారికి తోడుగా శ్రీసభ చూపినది ఒక ఇల్లు! ఈ రాత్రి కుటుంబ జపం అయ్యాక, మీ ఇంట్లో ఇంతవరకు చెప్పని ఒక లెక్క ఉంటే నెమ్మదిగా చెప్పుకోండి. ఆ పవిత్ర కుటుంబం మీ మధ్య కూర్చుంటుంది. ఆమెన్.