ఏ పద్దు కింద?

మా ఇంట్లో ఇడ్లీపిండి కలిపే పెద్ద స్టీలు బేసిను కనపడకుండా పోయింది. పనమ్మాయిని అడిగాను, పక్కింటావిడని అడిగాను, ఆఖరికి మా అత్తగారి మంచం కింద కూడా వెతికాను. మూడోరోజు పొద్దున్నే ముగ్గు వేద్దామని మెట్లు దిగితే, మావారి కారు కింద కనిపించింది. అందులో చెంబెడు ఆకుపచ్చ నీళ్లు.

"కూలెంటు. కొంచెం కారుతోంది. ముట్టుకోకు, విషం!" అన్నారు మావారు, నేను నోరు విప్పకముందే.

నిజంగానే విషమట. తియ్యగా ఉంటుందిట, పిల్లులూ కుక్కలూ నాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటాయిట. అంటే ఇక ఆ బేసిను వంటింటి గడప తొక్కకూడదన్నమాట.

ఈ కారు సంగతి మీకు చెప్పాలి. 2004లో జర్మనీలో తయారై, ఓడ మీద మన దేశంలో దిగిన రెండు తలుపుల కారు. ఏ కంపెనీదో మాత్రం చెప్పను. 2018 చివర్లో కొన్నారు. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు ఢిల్లీలో తిరగకూడదని హరిత ట్రిబ్యునలు అంతకుముందే అంది. ఆ మాటని సుప్రీంకోర్టు ఆ ఏడే ఖాయం చేసింది. దాంతో అక్కడి గొప్పింటి కార్లు పద్నాలుగో ఏట దక్షిణాదికి దారి పట్టాయి. అలా కొత్తలో అరకోటి పలికిన కారు, ఏడు లక్షలకి మా హైదరాబాదు ఇంటి ముందుకొచ్చి నిలబడింది. "ఎదురింటివాళ్లు కొన్న కొత్త కారుకన్నా చవక!" అన్నారు మావారు. నేనూ నమ్మాను. చెప్పొద్దూ, దాన్ని చూస్తే ఎవరైనా నమ్ముతారు. అంత అందంగా ఉంటుంది.

తర్వాత తెలిసిందేమిటంటే, తగ్గింది కారు ధర ఒక్కటే. దాన్ని పోషించే ధర తగ్గలేదు. బ్రేకు బిళ్లలకి తెలియదు కదా, తాము బిగిసి ఉన్నది అరకోటి కారుకో ఏడు లక్షల కారుకో! జమీందారుగారి ఏనుగుని వేలంలో మేక ధరకి పాడుకొచ్చినంత మాత్రాన, అది మేకలా రెండు రెమ్మలు తిని ఊరుకుంటుందా?

ఇనుము మంచిదేనట. ఇంజను ఇంకో ఇరవైయేళ్లు ఆడుతుందని మెకానిక్ అంటాడు. చిక్కంతా ప్లాస్టిక్కుతోనూ రబ్బరుతోనూ. వేడినీళ్లు తిరిగే గొట్టాలు, వాటి మూతులు, నీళ్లడబ్బా, ఇవన్నీ ఏళ్ల తరబడి కాగీ చల్లారీ పెళుసెక్కి ఒక్కొక్కటే పుటుక్కుమంటాయి. ఒకటి మార్చగానే దాని పక్కది నాకేం తక్కువంటుంది. తోటికోడళ్లకి చీరలు పెట్టడం లాంటిదే ఇదీనూ. అసలు కష్టం, ఆ అరచేతంత ప్లాస్టిక్కు ముక్క ఇక్కడ దొరకదు. జర్మనీ నుంచి రావాలి. అది వచ్చేదాకా కారు షెడ్డులో, మావారు దిగులులో.

పెట్రోలైనా మామూలుది పనికిరాదు. ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్లు ఇథనాలు. పాత బళ్ల రబ్బరుకి అది పడదని మావారి భయం. అందుకని ఎక్కడో ఆక్టేన్ 100 రకం అమ్మే బంకు వెతుక్కుంటూ పోతారు. టైర్లకీ వయసు లెక్కుందిట! టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో ఇరవైమూడో వారంలో తయారైందని. అరగకపోయినా వయసు మీరితే మార్చాల్సిందే. మన చీరల మీద కూడా అలా అచ్చు వేసుంటే ఎన్ని బీరువాలు ఖాళీ అయ్యేవో!

సర్కారువారి లెక్క ఇంకోటి. పదిహేనేళ్లు దాటిన మామూలు కారుకి రిజిస్ట్రేషను పొడిగించడానికి 2022 నుంచి 5,000 రూపాయలు. అదే దిగుమతి కారుకి 40,000. మేం 2024లో కట్టాం. ఇరవైయేళ్లు దాటినవాటికి 2025లో దాన్ని 80,000 చేశారు. అది 2029లో మాకు రాబోయే పండగ. "పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది, ఇది పెట్టుబడి," అంటారు మావారు. వింటేజ్ కారని గౌరవం దక్కాలంటే యాభైయేళ్లు నిండాలట. అంటే 2054లో. అప్పటికి మావారికి ఎనభైరెండు!

ఇంతా చేసి ఇది చేసే పని? ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగు రోడ్డు మీద ఒక చుట్టు, 158 కిలోమీటర్లు. రెండువందల యాభై వేగంతో పోగలదు, అక్కడ పోనిచ్చేది నూట ఇరవై. ఒకటి రెండుసార్లు నేనూ వెళ్లాను. మాటలుండవు. ఇంజను పాట వింటూ ఆయన ముఖంలో ఇరవైయేళ్లు తగ్గుతాయి. ఆ ముఖం చూశాక డబ్బు మాట ఎత్తాలనిపించదు. నిజానికి నేనెప్పుడూ ఎత్తలేదు, 2022 దాకా.

ఆ ఏడు మా అత్తగారికి మోకాలి ఆపరేషను అనుకున్నాం. దాని కోసమే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఉంది. జూన్‌లో చేయిద్దామంటే, "వానలు వెళ్లనీ, తడిలో జారితే కష్టం," అన్నారు మావారు. సబబుగానే ఉందనుకున్నాం. ఆవిడ నాలుగు నెలలు గోడ పట్టుకుని నడిచింది. ఆపరేషను అయిపోయింది, ఆవిడ లేచి తిరుగుతోంది. ఆ తర్వాత ఒకరోజు ఏదో కాయితం కోసం బీరువా సర్దుతుంటే షెడ్డు బిల్లు దొరికింది. నీళ్లడబ్బా పగిలి, ఇంజను వేడెక్కి, పైభాగమంతా విప్పి బాగుచేసినందుకు రెండు లక్షల నలభైవేలు. తేదీ మే నెలది. డిపాజిట్ మధ్యలో తీసిందీ మే నెలలోనే. అక్టోబరుకి ఎలాగో తిరిగి కూడబెట్టారు.

ఆయన తల వంచుకుని కూర్చున్నారు. "చెబుదామనే అనుకున్నాను," అన్నారు. మా అత్తగారు మాత్రం నవ్వేసింది. "పోనీలేవే అమ్మాయ్, రెండూ పాత బళ్లే. ముందు దేన్ని బాగుచేయించాలో వాడికి తోచలేదు." ఆ నవ్వుకి నాకు ఆయన మీద కన్నా ఆవిడ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

అప్పట్నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. కారు మీద మోజు తప్పా? కాదనే అనిపిస్తుంది. తాగుడా, పేకాటా? మరి అంత మంచి మనిషి తల్లికెందుకు అబద్ధం చెప్పాల్సి వచ్చింది?

నా చిన్నతనం గుర్తొస్తుంది. మా ఇంట్లో టీవీ కొన్నది 1987లో, అమ్మమ్మ రామాయణం చూడ్డానికి. ఫ్రిజ్ కొన్నది తాతయ్య మందులు పెట్టడానికి. స్కూటరు మా స్కూలు కోసం. నాకు కావాలి, అందుకని కొనుక్కున్నాను అని ఆ ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. కోరిక అవసరమనే ముసుగు వేసుకుని దొడ్డిదారిన వస్తేనే మధ్యతరగతి ఇంట్లో చోటు. మావారూ అలాంటి ఇంట్లోనే పెరిగారు. చవక అన్నారు, పెట్టుబడి అన్నారు, ఆ పేర్లు చెల్లనిచోట వానలన్నారు. నాకిష్టం అని ఒక్కసారీ అనలేదు.

నాకు తెనాలిలో అమ్మావాళ్ల ఇల్లుంది. తాళం వేసి తొమ్మిదేళ్లు. ఎవరూ ఉండరు, ఉండబోరు. ఏటేటా పన్ను, కాపలా మనిషికి జీతం, వానలకి పెంకు మార్పించడం. మొన్నటి ఏడాది పెంకుకి నలభైవేలైందని మావారికి చెప్పాను. అయింది డెబ్బై. నా ఖర్చుకి పుట్టిల్లని పేరు, ఆయన ఖర్చుకి సరదా అని పేరు, అంతే తేడా. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. అనుంటే బాగుండేది, హాయిగా పోట్లాడేదాన్ని. నా అబద్ధానికి ఎవరి మోకాలూ నొప్పి పెట్టలేదు కదా అని సరిపెట్టుకోబోయాను. పెట్టలేదని నాకెలా తెలుసు? ఆ ముప్పైవేలు దేన్ని వాయిదా వేశాయో నేను చూసుకోలేదు.

ఈ నెల నుంచి కారు ఖర్చు ఇంటి పద్దుల పుస్తకంలోనే రాయాలని ఒప్పందం. బడిపిల్లాడిలా అక్షరాలు దిద్దుతూ ఆయనే రాశారు: కూలెంటు గొట్టం 6,800. దాని కింద తెనాలి కాపలా మనిషి జీతం నేను రాశాను. పోయినేటి డెబ్బైవేల సంగతి ఇంకా చెప్పలేదు.

నిన్న కొత్త బేసిను కొన్నాను, 640 రూపాయలు. ఏ పద్దు కింద రాయనండీ అని అడిగితే, పేపరు పక్కన పెట్టి "కారు కిందే రాయి," అన్నారు మావారు.

"వంటసామాన్లలో రాసెయ్యవే, దానికింత చర్చెందుకు?" అంది మా అత్తగారు లోపలి గదిలోంచి.