నేలలో దొరకిన వస్తువు ఎవరిది?

మన పూర్వుల దానశాసనములను చదివినవారికి అష్టభోగములను మాట పరిచితమే. రాజు ఒక గ్రామమును దానము చేయునపుడు నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను ఎనిమిది హక్కులతో గూడ దానిని ధారపోయుచున్నానని రాగిరేకుపై చెక్కించెడివాడు. నీటికంటె, రాతికంటె ముందుగా నేలలో దాగిన ధనమునే పేర్కొనుట గమనింపదగినది. కంటికి గనబడు పంటకన్న కనబడని లంకెబిందెలపై మానవునకు మమకార మెక్కువ కాబోలు! అయితే ఆ హక్కులను వ్రాసియిచ్చిన రాగిరేకే కొన్ని శతాబ్దముల తరువాత ఏ రైతు నాగటికో తగిలి, తానే ఒక నిధియై బయటపడుచుండును. అపుడు దాని నెవరి సొత్తుగా నెంచవలెను? చూచినవానిదా, పొలముగలవానిదా, ప్రభుత్వముదా, లేక ఆ రేకు మీద పేరున్నవాని వంశీకులదా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన ధర్మశాస్త్రకారులు దీనిని ఓపికతో విచారించిరి. నిధి తనదని సత్యముగా నిరూపించినవానినుండి రాజు ఆరవ భాగమునో పన్నెండవ భాగమునో మాత్రము గ్రహింపవలెనని మనువు చెప్పెను. అబద్ధమాడినవానికి వాని ఆస్తిలో ఎనిమిదవ వంతు దండనము. యజమాని తెలియని ధనమును రాజు తీసికొని, కనుగొన్నవానికి ఆరవ వంతు ఈయవలెనని వసిష్ఠుడు విధించెను. కౌటిల్యుడు వ్యవహారజ్ఞుడు గనుక లెక్క గీచెను: లక్షకు మించిన నిధి రాజుది, తక్కువదైనచో దొరకించుకొన్నవానికి ఆరవ వంతు, తన తాతతండ్రుల దని నిరూపింపగల శుచియైనవానికి మొత్తము. విద్వాంసుడైన బ్రాహ్మణునకు దొరకినచో సర్వమును వానిదే యన్న స్మృతివాక్యమును నేటి మనస్సు అంగీకరింపజాలదు. దానిని ఆ కాలమునకే విడిచిపెట్టుదము.

ఆంగ్లేయుల పాలనలో 1878వ సంవత్సరమున వచ్చిన నిధి చట్టము కూడ ఈ త్రోవనే నడచినది. పది రూపాయలకు మించిన విలువగల వస్తువు నేలలో దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను. హక్కుదారు డెవడును తేలనిచో, వేరొక ఒడంబడిక లేనపుడు, కనుగొన్నవానికి ముప్పాతిక, స్థలము గలవానికి పాతిక. ప్రభుత్వమే ఆ వస్తువును కోరినచో దాని విలువకు మరి యైదవ వంతు చేర్చి యిచ్చి గైకొనవచ్చును. దాచిపెట్టినవాడు తన భాగమును పోగొట్టుకొనుటయే కాక చెరసాలకును అర్హుడగును. మనువునకంటె ఈ చట్టమే కనుగొన్నవానిపై దయ జూపినదని చెప్పవలసియున్నది.

కాని వీరందరి విచారణయు వాటాలను గూర్చినదే. ఎవరి కెంత యన్న ప్రశ్నకు వారు సమాధానము చెప్పిరి. ఆ వస్తువు నేలలో ఉన్నపుడు దానిలో ఏమేమి యుండెను, పైకి తీయుటతో ఏది నశించును అన్న ప్రశ్న వారికి తట్టలేదు. అది మన కాలపు ప్రశ్న. లోహశోధక యంత్రము దానిని మన ముంగిటికే తెచ్చినది.

ఈ యంత్రము పని చేయు విధానము సులభము. తీగచుట్టలో విద్యుత్తు ప్రసరించినపుడు దాని చుట్టును అయస్కాంత క్షేత్ర మేర్పడును. నేలలోని లోహమున ఆ క్షేత్రము చిన్న విద్యుత్ప్రవాహములను పుట్టింపగా, యంత్రము వానిని పసిగట్టి చెవికి ధ్వనిగా వినిపించును. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరములో చిక్కిన తుపాకిగుండును వెదకుటకు అలెగ్జాండరు గ్రాహంబెల్ ఇట్టి పరికరమును ప్రయోగించి విఫలుడయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధమున పోలండు దేశీయుడైన కొసాట్స్కీ నేలలోని మందుపాతరలను కనిపెట్టుటకు చేతితో మోయదగిన యంత్రమును నిర్మించెను. ప్రాణరక్షణకై పుట్టిన ఈ పరికరము యుద్ధానంతరము వినోదవస్తు వయ్యెను. అది లోహ మున్నదని చెప్పగలదు. ఆ లోహము ఏ కాలముదో, దాని ప్రక్కన ఏ కట్టె చివికి మన్నైనదో చెప్పజాలదు.

ఇంగ్లండులో జరిగిన రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో మా యభిప్రాయము స్పష్టపడగలదు. 1992 నవంబరు 16వ తేదీన సఫోక్ మండలమందలి హాక్స్‌న్ గ్రామమున ఒక కౌలురైతు తన సుత్తిని పొలములో పోగొట్టుకొనెను. ఉద్యోగవిరమణ చేసిన ఆయన మిత్రు డొకడు తన యంత్రముతో దానిని వెదకుటకు వచ్చెను. యంత్రము మ్రోగినచోట త్రవ్వగా వెండి చెంచాలు, బంగారు నగలు, నాణెములు కనబడినవి. అప్పు డాయన చేసిన పని మహత్తరమైనది: త్రవ్వుట మానివేసెను. పొలమునకు స్వంతదారైన మండల పరిషత్తునకును, పోలీసులకును వర్తమానము పంపెను. మరునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, ఒక్క దినములో, మట్టిపెళ్లలతో సహా ఆ నిధిని పైకెత్తిరి.

అందు దాదాపు పదునైదువేల రోమక నాణెములును, రెండువందల వరకు వెండి బంగారు వస్తువులును ఉండెను. అయితే మమ్ము ఆకర్షించినది ఆ సంఖ్య కాదు. మట్టిని కదపకుండ తీసినందున, అవన్నియు ఒక కొయ్యపెట్టెలో అమర్చబడినవనియు, లోపల చిన్న పెట్టెలకు వెండి తాళము లుండెననియు, గిన్నెల నడుమ ఒరిపిడి లేకుండ గడ్డి పెట్టబడెననియు తెలిసినది. ఒక కడియముపై జూలియానా యను స్త్రీ పేరు కలదు. కడపటి నాణెములు క్రీ. శ. 407-408 ప్రాంతమువి, అనగా రోమక ప్రభుత్వము బ్రిటనును విడిచిపోవుచున్న దినములవి. గడ్డి పెట్టి సర్దిన చేతులలో తొందర కనబడదు. తిరిగి వత్తుమన్న నమ్మకము కనబడును. వారు తిరిగి రాలేదు. దురాశతో పారపట్టి తవ్వియున్నచో బంగారము మిగిలెడిది గాని ఆ గడ్డిపోచ మిగిలెడిది కాదు. నిధికి పదునేడు లక్షల యేబదివేల పౌనుల విలువ కట్టి బహుమానముగా నిచ్చిరి. కనుగొన్నవాడు దానిని ఆ రైతుతో పంచుకొనెను. సుత్తియు దొరకినది. అదియు నేడు బ్రిటిషు మ్యూజియమునే చేరియున్నది.

రెండవది 2015 జూన్ మాసమున హెరిఫర్డ్ మండలములో జరిగినది. ఇద్దరు శోధకులకు తొమ్మిదవ శతాబ్దపు నిధి లభించెను. వారు ఎవరికిని తెలుపక, నాణెములను చేతులు మార్చి యమ్మజూచిరి. సుమారు మూడువందల నాణెములుండెనని యంచనా కాగా, ముప్పదికి కొంచె మెచ్చుగా మాత్రమే తిరిగి చిక్కినవి. 2019లో న్యాయస్థానము వారిని దోషులుగా నిర్ణయించి కారాగారమునకు పంపెను.

ఇందు పోయినది సొమ్ము మాత్రమే యైనచో మే మింత వ్రాయము. తిరిగి చిక్కిన నాణెములలో కొన్నింటిపై ఇద్దరు రాజులు ప్రక్కప్రక్కన కూర్చున్న బొమ్మ యున్నది. ఆ నాణెములలో కొన్ని వెసెక్స్ రాజైన ఆల్ఫ్రెడువి, కొన్ని మెర్షియా రాజైన చోల్‌వుల్ఫువి. ఆల్ఫ్రెడు వంశీయుల ఆస్థానమున పుట్టిన చరిత్రగ్రంథము ఆ రెండవ రాజును తెలివిమాలిన కొలువుకాడని, శత్రువుల కీలుబొమ్మయని తీసిపారవైచినది. నాణెములు మాత్రము వారిరువురును సమానస్కంధులైన మిత్రులని చెప్పుచున్నవి. ఓడిన రాజ్యమునకు చరిత్రకారుడు లేడు. దాని పక్షమున పలుకుటకు ఆ లోహపు ముక్కలే యున్నవి. తప్పిపోయిన నాణెములతో పాటు ఎంత సాక్ష్యము తప్పిపోయెనో ఎవరు చెప్పగలరు? ఆ నిధిని దొంగిలించినవారు పొలముగలవానినే కాదు, పదకొండు శతాబ్దములుగా మాటలేక పడియున్న ఒక జనమును దోచిరి.

ఈ మాట మన సంఘమువారికి ప్రత్యేకముగా వర్తించునని మేము తలతుము. విజయనగర కాలమందును, 1565 యుద్ధానంతరమును ఎన్నో తెలుగు కుటుంబములు తమిళ, కర్ణాటక సీమలకు తరలిపోయినవి. సేద్యమునకు, సైన్యమునకు, నేతకు, వర్తకమునకు వచ్చి అక్కడనే వేళ్లూనినవి. ఆయా ప్రాంతముల చరిత్రలు సహజముగనే ఆయా భాషలవారు తమ దృష్టితో వ్రాసికొనిరి. అందు మన ముత్తాతలు ఒక పంక్తిలో వచ్చి మరు పంక్తిలో మాయమగుదురు. ఇందుకు కినుక వహింపనక్కరలేదు. ఎవరి యింటి కథను వారు మొదట చెప్పుకొందురు. కాని మన పక్షమున పలుకగల సాక్షులు ఏవి? గుడి గోడపైని నాలుగు పంక్తుల తెలుగు శాసనము, మిరాసీని తెలుపు రాగిరేకు, అటక మీది తాటాకు కట్ట. ఇవి పోయినచో మనము చెప్పుకొనున దంతయు పుక్కిటి పురాణమే యగును.

ఆంధ్రదేశమున జరిగినదియు గర్వింపదగినది కాదు. అమరావతీ స్తూపమును పదునెనిమిదవ శతాబ్దాంతమున ఇండ్లకు, కట్టడములకు రాతికై త్రవ్విరి. చలువరాళ్లను సున్నమునకై కాల్చిరి. 1797లో కర్నలు మెకంజీ వచ్చి చూచునాటికే చాల నష్టము జరిగియుండెను. తరువాత పండితులు చేసిన త్రవ్వకములును నిర్దోషములు కావు: 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో స్తూపస్థలమును మొత్తము పెకలించి శుభ్రము చేసినందున ఏ రాయి ఎచ్చట నిలిచెనో తెలియు నవకాశము చాలవరకు నశించినది. శిల్పములు మద్రాసునకును లండనునకును చేరినవి. ప్రభుత్వము తీసికొన్నంతమాత్రమున వస్తువు భద్రమైనట్లు కాదని దీనివలన తేలుచున్నది. రైతు దాచినచో నేరమనియు, దొర ఓడ కెక్కించినచో సంరక్షణమనియు అనుటలో న్యాయమెక్కడ?

భట్టిప్రోలు కథ వేరు. అక్కడి స్తూపమును కూడ కాలువపనుల కొరకు కొంత కొల్లగొట్టిరి. అయినను 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వినపుడు ధాతుకరండములు యథాస్థానమున దొరకినవి. రాతిపెట్టెలు, వాని లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పూవులు! నిధి వేటగాని చేతికి అవి చిక్కియుండినచో బంగారమును మూటగట్టి, రాతిపెట్టెను గట్టు మీదికి విసరి యుండెడివాడు. ఆ రాతిపెట్టెల అంచులపైననే గదా ఆ వింత బ్రాహ్మీ లిపి యున్నది! దక్షిణదేశపు లిపుల పుట్టుపూర్వోత్తరములను విచారించు ప్రతి పండితుడును నేటికిని అచ్చటికే పోవలసియున్నాడు.

ఇచట ఒక ఆక్షేపణ న్యాయమైనది కలదు. కూలివానికి గునపము కొనకు బంగారునాణెములు తగిలినచో అతడు చరిత్రను తలచునా, కూతురి పెండ్లిని తలచునా? అతనిని నిందించుట కడుపునిండినవారికి తేలిక. నిజాయితీగా తెలిపినవానికి వెంటనే, తగిన ప్రతిఫలము ముట్టవలెను. కచేరీల చుట్టు త్రిప్పి, దొంగను చూచినట్లు చూచు ప్రభుత్వము సత్యమును కోరు అర్హతను తానే పోగొట్టుకొనును. ఇంగ్లండువారు 1996 చట్టముతో పాటు, నిధి కాని చిన్న వస్తువులను గూడ తెచ్చి చూపినవారికి వానిని వ్రాసికొని తిరిగి యిచ్చు ఏర్పాటును 1997లో ప్రారంభించిరి. భయముకంటె నమ్మకము ఎక్కువ వస్తువులను వెలికిదెచ్చునని వారు గ్రహించిరి. మన 1972 పురావస్తువుల చట్టము నూరేండ్లు గడచిన వస్తువులను దేశము దాటకుండ ఆపుటకు చాల శ్రద్ధ వహించినది. చూపవచ్చినవానిని ఆదరించు మార్గము మాత్రము ఇరుకైనది.

కాగా మా మతమున దొరకిన వస్తువును గూర్చి రెండు విషయములు వేరుచేయవలసియున్నది. దాని విలువ పంచుకొనదగినది. ఆ పంపకము చట్టము చూచుకొనును. దాని సాక్ష్యము పంచుకొన్నకొలది పెరుగునది. దానిని దాచు హక్కు ఎవనికిని లేదు, కనుగొన్నవానికిని, ప్రభువునకును, మనవంటి చిన్న సంఘమునకును. తమిళదేశమున దొరకిన తెలుగు శాసనము మాదేనని మనము లాగికొనరాదు. అది ఆ ఊరిది కూడ. కృష్ణదేవరాయలు తిరుమలలో తెలుగున, కన్నడమున, తమిళమున శాసనములు వేయించెను. వానిని ఏ భాషవా రొక్కరు తమవని మూట గట్టగలరు?

మన యిండ్లలో పూజామందిరములందు రాగిరేకులు ఇప్పటికిని అక్కడక్కడ నున్నవి. పండుగనాడు చింతపండుతో తోమి పసుపు పూయుట వాడుక. ఆ తోముడుతో అక్షరము లరిగిపోవును గనుక, పసుపు మాత్రము పూసి చింతపండు మానిన చాలును. మైసూరులోని భారత పురావస్తుశాఖవారి శాసనవిభాగమున ఇట్టి రేకుల అచ్చులు తీసి చదువుదురు. పొలమున క్రొత్తగా ఏదైన బయటపడినచో దానిని కడుగకముందే, ఏ గట్టునకు ఎన్ని అడుగుల దూరమున, ఎంత లోతున, దేని ప్రక్కన ఉండెనో ఒక కాగితముపై వ్రాసి, ఆ తరువాత కలెక్టరు కచేరీకి తెలుపవలెను. ఇంటిలో అదివరకే యున్న రేకు నెవరును ఊరక లాగికొనరు. అచ్చు తీయించిన పిదప దానిని మరల దేవుని పెట్టెలో పెట్టుకొనవచ్చును.