ఆధారము చెప్పుట

పరిశోధనమునకుఁ బూనిన విద్యార్థి గ్రంథములు ప్రోగుచేసినంతనే పని తీరెనని తలఁచుచున్నాఁడు. ఏ మాట యెచ్చట దొరికెనో గుర్తు పెట్టుకొననిచో ఆ ప్రోగు నిరుపయోగమని మేమందుము.

1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర పిమ్మట అచ్చట బంగళా కొని, పండితులకు జీతము లిచ్చి, ఒక్కొక్క కావ్యమునకుఁ బెక్కు ప్రతులు తెప్పించి పాఠభేదములు సరిచూపించెను. ఏలయన, ఒక్క ప్రతినే నమ్మినచో లేఖకుని పొరపాటు కవిపైఁ బడును. అది యన్యాయము గాదా? ఆధారమును మఱచువాఁడును ఇట్టి యన్యాయమే చేయుచున్నాఁడు. ఒకరి శ్రమను తనదిగాఁ జేసికొనును. లేదా తన తప్పును ఒరులపై మోపును. కావున కాగితముల యమరిక సత్యపాలనలో నొక భాగము.

బ్రౌను నివసించిన తావున నేఁడు గ్రంథాలయము వెలసియున్నది. అచ్చటికిఁ బోవు విద్యార్థి మొదట గ్రంథనామమును, పుటసంఖ్యను వ్రాసికొని, పిదపనే తన యభిప్రాయమును వ్రాయవలయునని మా కోరిక.