వెలకు దొరకని విశ్వాసము

ధనమిచ్చి కొనిన ప్రాణిపై మనకుఁ గల యధికార మెంతవఱకు? అది మన యాజ్ఞకు లోఁబడనప్పుడు తప్పు దానిదా, మనదా? క్రొత్తగాఁ గొనిన పడుచుగుఱ్ఱము విషయమున నీ ప్రశ్న స్పష్టముగాఁ గానవచ్చును గావున దానినే యుదాహరణముగాఁ గైకొందము.

చంద్రగిరినుండి రాజ్యమేలి, 1485 ప్రాంతమున విజయనగర సింహాసనము నధిష్ఠించిన సాళువ నరసింహరాయలు హోర్ముజు, ఏడెను రేవులనుండి గుఱ్ఱములఁ దెప్పించి, వేయి పర్దావులకు మూఁటి చొప్పునఁ గొనెననియు, ఓడలోఁ జచ్చినదాని తోఁకఁ దెచ్చి చూపినను వెల యిచ్చెననియు నూనిజ్ అను పోర్చుగీసు అశ్వవర్తకుఁడు 16వ శతాబ్దమున వ్రాసియున్నాఁడు. ధనముచేత తోఁకను సైతము కొనవచ్చును. కాని ప్రాణముతో వచ్చిన గుఱ్ఱము రౌతును నమ్మునట్లు చేయుటకు ఎన్ని పర్దావులును జాలవు. అది మనుష్యుని యోర్పువలననే కావలెను.

క్రొత్త లాయమునకు వచ్చిన పడుచుగుఱ్ఱము జీను వేయఁగనే వీఁపు వంచి యెగురును, ఎక్కఁబోవఁగాఁ బ్రక్కకుఁ దొలఁగును, ముంగాళ్లెత్తి నిలుచును. చూచువారు "పొగరు, కొరడా చూపుఁడు" అందురు. విచారించినచో హేతువు లనేకములు గలవు. జీను సరిపడక వెన్ను నొచ్చుచుండవచ్చును. 2½ మొదలు 4½ ఏండ్లవఱకు పాలపండ్లు రాలి క్రొత్తపండ్లు వచ్చుచుండును. అప్పుడు కళ్లెము నోటికి బాధ గావచ్చును. పని లేక ఉలవలు మెండుగాఁ దినిన నొడలు నిలువదు. గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు. ఎఱిఁగిన తోడును ఒక్కనాఁటిలోఁ గోలుపోయి, యెఱుఁగని చోట నిలిచియున్నది. నేరుగాఁ దన వెనుక నున్నది దానికిఁ గానరాదు. ఆ కానరాని తావుననే మనము కూర్చుండఁగోరుచున్నాము. నొప్పికిని భయమునకును పొగరని పేరిడి దండించుట న్యాయమా?

"లాలించినచో మఱింత చెడును" అని కొంద ఱాక్షేపింతురు. ఇందును సత్యము లేకపోలేదు. అది ముంగాళ్లెత్తినప్పుడెల్ల రౌతు దిగి లాయమునకుఁ దోలుకొనిపోయినచో, పని తప్పించుకొనుట కదియే యుపాయమని నేర్చుకొనును. కావున దయ యనఁగా లొంగిపోవుట గాదు. మొదట పశువైద్యునిచే వెన్ను, పండ్లు, డెక్కలు పరీక్ష చేయింపవలెను. కొన్నిదినములు జీను లేక, ఒక్కని చేతనే మేపించి, నేలపై నడిపింపవలెను. పిదప వట్టి జీను. అటుపిమ్మట ననుభవముగల రౌతుతో నాలుగడుగులు. పగ్గము లాగఁగా నిలిచినచోఁ దత్క్షణమే సడలింపవలెను. ఆ సడలింపే దానికి బహుమానము. చక్కఁగా నడచినప్పుడే నాఁటి పని ముగింపవలెను.

కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదని క్రీ.పూ. 4వ శతాబ్దముననే గ్రీకు రచయితయగు జెనోఫన్ బోధించెను. కఠోపనిషత్తు ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గముగను, బుద్ధిని సారథిగను నిరూపించినది. కోపించి కొరడా యెత్తిన రౌతు తనలోని పగ్గమును ముందే జాఱవిడిచినవాఁడు. తన్నుఁ దాను నడపుకొనలేనివాఁడు పరుల నెట్లు నడపఁగలఁడు?

చదువరులారా, గుఱ్ఱమెక్కువారు నేఁడు మనలోఁ గొలఁదిమందియే. కాని క్రొత్తగాఁ గొలువునఁ జేరిన పనివాఁడును, క్రొత్తగా నింటఁ గాలిడిన కోడలును, క్రొత్త బడిలోఁ గూర్చున్న బాలుఁడును మన యందఱి యిండ్లలోఁ గలరు. నోరులేని జంతువునుగూర్చియే దండించుటకు ముందు హేతువు విచారించుట ధర్మమైనచో, నోరుండియు భయముచేఁ బలుకలేని మానవుని విషయమున నది యెంత ధర్మము! జీతమిచ్చితిమి, అన్నము పెట్టితిమి యను మాట విశ్వాసమును గోరుటకుఁ జాలదు. దానిని దినదినమును మన నడవడిచే సంపాదింపవలసినదే.